కొలువు పరీక్షకు గడువు మీరే పెట్టుకోండి

మరిపెడ బస్టాండులో డిగ్రీ చదివే పిల్లల్ని 'తర్వాత ఏంటి?' అని అడిగి చూడండి. చాలామంది చెప్పే మాట గ్రూప్సే. హనుమకొండలోనో, హైదరాబాద్ అశోక్‌నగర్‌లోనో గది తీసుకోవడం, మిర్చి, పత్తి అమ్మిన డబ్బుల్లోంచి నాన్న పంపే సొమ్ముతో ఏళ్లకేళ్లు చదవడం మనకు కొత్తేం కాదు. అయితే ఈ దారిలో మనకంటే ముందు నడిచింది చైనా.

రాతపరీక్షతో అధికారుల్ని ఎంచుకునే 'కెజు' పద్ధతి అక్కడ దాదాపు 1300 ఏళ్లు నడిచి, 1905లో రద్దయింది. సాంగ్ రాజుల కాలంలోనే జవాబు పత్రం మీద పేరు మూసేసేవారు. చేతిరాత గుర్తుపట్టకుండా గుమస్తాలతో మళ్లీ రాయించేవారు. పేపర్ లీకు దెబ్బ తిన్న మనకు ఆ జాగ్రత్త విలువ వేరే చెప్పాలా! 1855లో మొదలైన ఐసీఎస్ పోటీపరీక్ష మీదా ఆ పద్ధతి ప్రభావం ఉందనే చరిత్రకారులున్నారు. అంటే మీ హాల్‌టికెట్‌కు చైనాలో ఓ ముత్తాత ఉన్నట్టే.

రైతు కొడుకైనా చదివి అధికారి కావచ్చన్న ఆశను ఆ సంప్రదాయం ఇచ్చింది. (ఆడపిల్లలకు మాత్రం ఆ తలుపు తెరవలేదు.) ఆశతో పాటు ఇంటి పరువునూ పరీక్షకే కట్టేసింది. 1640లో పుట్టిన పు సాంగ్‌లింగ్ చిన్న వయసులోనే తొలి మెట్టు దాటాడు, పై పరీక్షలో మాత్రం ముసలితనం దాకా తప్పుతూనే ఉన్నాడు. కానీ ఖాళీగా కూర్చోలేదు. కలవారి ఇళ్లలో పాఠాలు చెప్పి సంసారం నడిపాడు, దెయ్యాల కథలు రాశాడు. ఇవాళ లోకం ఆయన్ను గుర్తుపెట్టుకున్నది ఆ కథల వల్లే.

ఇప్పటి చైనాలోనూ సర్కారు కొలువును 'ఇనుప అన్నం గిన్నె' అంటారు, పడినా పగలదని. మన పెళ్లి సంబంధాల్లో దానికున్న ధర మీకు తెలిసిందే.

ప్రిపేరవడం తప్పని నేననను. గడువు లేకుండా ప్రిపేరవడమే తప్పు. 2022 గ్రూప్-1 సంగతే చూడండి. ప్రిలిమ్స్ ఒకసారి లీకుతో, మరోసారి బయోమెట్రిక్ లోపాలతో రద్దయ్యాయి. 2024లో 563 పోస్టులకు మళ్లీ కొత్త నోటిఫికేషన్. ఆ రెండేళ్లు పోవడంలో అభ్యర్థుల తప్పేం లేదు, వయసు మాత్రం వాళ్లదే పోయింది. అందుకే గడువును అటెంప్టుల్లో లెక్కపెట్టకండి, ఏళ్లలో పెట్టుకోండి. ఆ ఏళ్లలోనే ట్యూషనో, ట్యాలీయో, నాలుగు రూపాయలు వచ్చే పని ఒకటి చేతిలో ఉంచుకోండి. ఆ తేదీ ఇంట్లో ఇప్పుడే చెప్పండి. 'ఊళ్లో వాళ్లు ఏమనుకుంటరు బిడ్డా' అని అమ్మ అంటుంది. అయినా చెప్పండి.