మనిషి దక్కిన తర్వాత

“ముందు మనిషి దక్కితే చాలు, మిగతావి తర్వాత చూసుకుందాం.” క్యాన్సర్ రిపోర్టు వచ్చిన ఇంట్లో ఈ మాట ఎవరో ఒక పెద్దాయన అంటాడు. అందరూ తలూపుతారు. ఆ పూటకి అంతకన్నా ధైర్యం ఇచ్చే మాట లేదు. నా పేచీ ఆ మాటతో కాదు. దాన్ని అడ్డం పెట్టుకుని ఇంట్లోవాళ్లూ, ఆసుపత్రీ, బీమా కంపెనీ, ప్రభుత్వమూ కలిసి ఒక ఖర్చును లెక్కలోంచే ఎత్తేస్తున్నారు. పేచీ దానితో.

ఇరవై ఏడేళ్ల అమ్మాయికి రొమ్ము క్యాన్సర్ అనుకుందాం. మన దేశంలో ఈ జబ్బు పాశ్చాత్య దేశాలకంటే చిన్న వయసులోనే కనిపిస్తోందని డాక్టర్లు చాలాకాలంగా చెబుతున్నదే. బయాప్సీ అయింది, స్కానింగులు అయ్యాయి, కీమో రెండు మూడు వారాల్లో మొదలు. ఆలోగా నాన్న చీటీ పాడతాడు. అన్నయ్య ఆరోగ్యశ్రీ కాగితాలు పట్టుకుని ఒకచోటికి, సీఎం సహాయనిధి ఎల్‌ఓసీ కోసం ఎమ్మెల్యే ఆఫీసుకి తిరుగుతాడు. అమ్మ డాక్టరు గారిని ఒక్క ప్రశ్న అడుగుతుంది: “జుట్టు ఊడిపోతుందా అండీ?” ఊడుతుంది, మళ్లీ వస్తుంది. తిరిగి రాకపోయే ప్రమాదం ఉన్నది ఇంకొకటి ఉంది. దాని ఊసు ఎవరూ ఎత్తరు.

ఆడపిల్ల తన జీవితానికి సరిపడా అండాలతోనే పుడుతుంది. కొత్తవి తయారు కావు. రొమ్ము క్యాన్సర్‌కు మామూలుగా వాడే సైక్లోఫాస్ఫమైడ్ లాంటి మందులు క్యాన్సర్ కణాలతో పాటు ఈ నిల్వనూ తింటాయి. ఎంత తింటాయన్నది మందును బట్టి, మోతాదును బట్టి, వయసును బట్టి ఉంటుంది. ఇరవై ఐదేళ్లమ్మాయికి కొంత మిగలవచ్చు, నలభై దగ్గరపడ్డవాళ్లకు నెలసరే ఆగిపోవచ్చు. పొత్తికడుపుకి రేడియేషన్ ఇస్తే నష్టం ఇంకా ఎక్కువ. అన్ని కీమోలూ ఒకటి కావు కూడా. హాడ్కిన్ లింఫోమాలో ఒక మందుల వరసతో ముప్పు తక్కువ, ఇంకో వరసతో చాలా ఎక్కువ. అందుకే “కీమో వల్ల పిల్లలు పుట్టరట” అన్న పక్కింటి మాటను నమ్మక్కర్లేదు. అలాగని “ఏం కాదులే” అన్న ఓదార్పునీ నమ్మకూడదు. అడగాలి. అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2006లోనే చికిత్స మొదలుపెట్టకముందే ఈ సంగతి రోగితో మాట్లాడాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మన ఓపీల్లో బయట బెంచీల మీద అంతమంది ఉంటే ఆ పది నిమిషాలు డాక్టరుకి ఎక్కడివి అంటే, అదీ నిజమే. కాబట్టి ఆ ప్రశ్న వెంట వచ్చినవాళ్లే అడగాలి.

అడిగితే దారులున్నాయి. పది పన్నెండు రోజులు ఇంజెక్షన్లు చేసి, కాసేపు మత్తిచ్చి అండాలను తీసి, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో భద్రపరుస్తారు. దీనినే అందరూ ఎగ్ ఫ్రీజింగ్ అంటున్నారు. ఒకప్పుడు దీనికోసం నెలసరి దాకా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ రోజునైనా మొదలుపెడుతున్నారు. రొమ్ము క్యాన్సర్‌లో ఈస్ట్రోజన్ పెరగకుండా లెట్రోజోల్ మాత్ర కలిపి ఇస్తారు. 2012లో అమెరికా సంతాన వైద్యుల సంఘం ఎగ్ ఫ్రీజింగ్‌కు ‘ప్రయోగాత్మకం’ అన్న ముద్ర తీసేసింది. ఇంకా వయసుకు రాని పిల్లలకైతే అండాశయం కణజాలాన్నే తీసి దాచే పద్ధతి ఉంది. బెల్జియంలో 2004లో అలా దాచిన కణజాలాన్ని తిరిగి అమర్చుకున్న స్త్రీకి బిడ్డ పుట్టింది. కొన్ని లుకేమియాల్లో మాత్రం దేనికీ వ్యవధి ఉండదు. రేపే కీమో మొదలుపెట్టాల్సిన మనిషిని పన్నెండు రోజులు ఆపమని ఎవరూ అడగలేరు, అడగకూడదు.

ఇక డబ్బు. ప్రైవేటు కేంద్రాల్లో ఒక విడత ఎగ్ ఫ్రీజింగ్‌కు మందులతో కలిపి సుమారు లక్షన్నర నుంచి రెండున్నర లక్షల దాకా అవుతుంది, ఆపైన ఏటా నిల్వ ఛార్జీ. మామూలు రోజుల్లో మధ్యతరగతి ఇల్లు ఎలాగో మోసే బరువే అది. కానీ ఈ బిల్లు వచ్చేది స్కానింగులకే చేతిలో డబ్బంతా అయిపోయిన వారంలో. వాయిదా వేసే వీలూ లేదు, కీమో మొదలయ్యేలోపే కట్టాలి. పైగా అప్పు అడగాలంటే దేనికో చెప్పాలి. క్యాన్సర్‌కి అంటే ఇచ్చే బావగారు అండాలు దాచడానికి అంటే ముఖం అదోలా పెడతాడు.

బీమా ఉందిగా అంటారా? పాలసీ వెనక చిన్న అక్షరాలు చదవండి. ఏవి చెల్లించనక్కర్లేదో 2019లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ అన్ని కంపెనీలకూ ఒకే నమూనా భాష ఇచ్చింది. అందులో 17వ నంబరు సంతానలేమి, దాని చికిత్సలు. ఆయుష్మాన్ భారత్ కూడా సంతాన సంబంధ చికిత్సలను పక్కనపెట్టింది. ఆరోగ్యశ్రీ ప్యాకేజీల్లో సర్జరీ ఉంది, కీమో ఉంది, రేడియేషన్ ఉంది, ఇది లేదు. ఆ మినహాయింపు రాసినవాళ్ల మనసులో ఉన్నది పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేని దంపతులు. ఆ మినహాయింపు న్యాయమా కాదా అన్నది వేరే తగువు. మన అమ్మాయికి మాత్రం సంతానలేమి లేదు. ఆమెకు ఆ ముప్పు తెచ్చిపెడుతున్నది అదే బీమా, అదే ఆరోగ్యశ్రీ డబ్బు కట్టి చేయిస్తున్న చికిత్స. వాంతులు కాకుండా ఇచ్చే ఇంజెక్షన్‌కు డబ్బిస్తారు. తెల్లకణాలు పడిపోకుండా ఇచ్చే ఇంజెక్షన్‌కూ ఇస్తారు. కీమో చేసే నష్టాన్ని ముందే ఆపే ఖర్చులన్నీ చికిత్సలో భాగమైనప్పుడు ఇదొక్కటి విలాసం ఎలా అయింది?

దీనిమీద వాదించాల్సినవాళ్లు వాదించకపోవడానికి కారణం సిగ్గు. పెళ్లికాని అమ్మాయి విషయంలో ఇది మరీ ఘోరం. క్యాన్సర్ సంగతే బంధువులకు చెప్పరు, సంబంధాలు రావని. ఇక సంతాన సాఫల్య కేంద్రం మెట్లెక్కుతుంటే ఎవరైనా చూస్తే? లోపలి నుంచి స్కాన్ చేస్తారని విన్న తల్లులు డాక్టరు చెవిలో అడిగే ప్రశ్న ఏమిటో ఊహించుకోగలరు. చట్టం విషయంలో భయం అక్కర్లేదు. 2021 నాటి సహాయక సంతాన సాంకేతికత (ఏఆర్‌టీ) నియంత్రణ చట్టం ప్రకారం 21 దాటిన ఒంటరి స్త్రీ తన అండాలు దాచుకోవచ్చు, భర్త ఉండాలన్న షరతు లేదు. పెళ్లైనవాళ్లు కూడా పిండాలే కాకుండా కొన్ని అండాలు విడిగా దాచుకోవడం మంచిదని నా అభిప్రాయం. పిండం మీద ఇద్దరి సంతకం కావాలి, దాని నిల్వకు పదేళ్ల గడువూ ఉంది. క్యాన్సర్ కాలంలో కొన్ని కాపురాలు గట్టిపడతాయి, కొన్ని నిలవవు. ఈ మాట అత్తగారింట్లో అనలేం కాబట్టి పత్రికలోనే అంటున్నాను.

అబ్బాయిల సంగతి చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. వృషణాల క్యాన్సర్, హాడ్కిన్ లింఫోమా ఎక్కువగా వచ్చేదే కుర్ర వయసులో. బాగా నయమయ్యేవి కూడా ఇవే. వీర్యం దాచడానికి ఇంజెక్షన్లు లేవు, మత్తు లేదు. ఒకటి రెండు రోజుల పని, కొన్ని వేల ఖర్చు. అయినా జారిపోతుంది. డాక్టరు తల దించుకుని “శాంపిల్ ఇచ్చి రండి” అంటారు. తండ్రి రక్తం శాంపిల్ అనుకుంటాడు. కొడుక్కి అర్థమవుతుంది, కానీ నాన్న పక్కన కూర్చుని ఉండగా ఏమని అడుగుతాడు? మరుసటి వారం కీమో ఎక్కిస్తారు. ఇలాంటప్పుడు బాబాయో, బావో, వయసులో కాస్త దగ్గరైన మగవాళ్లు ఎవరైనా వెంట ఉండాలి. తండ్రి కాసేపు క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి వస్తే ఆ కుర్రాడికి మహోపకారం. సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1996లో కీమోకు ముందు వీర్యం దాచాడు. అతని మొదటి ముగ్గురు పిల్లలూ అలా పుట్టినవాళ్లే. డోపింగ్ వ్యవహారంలో టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్లన్నీ ఊడబెరికారు గానీ వీళ్లను ఎవరూ తీసుకోలేరు కదా. మన చట్టానికొస్తే, ఈ సేవలకు మగవాళ్లకూ కనీస వయసు 21 అనే రాశారు. పందొమ్మిదేళ్లకే క్యాన్సర్ వచ్చిన ఇంజనీరింగ్ కుర్రాడి కోసం విడిగా ఒక వాక్యం రాయడం మరిచారు.

అసలు చిక్కు వైద్యానికి ఉన్న రెండు లక్షలూ, అండాలకు కావలసిన రెండు లక్షలూ ఒకటే అయినప్పుడు వస్తుంది. ఇంట్లో ఉన్నదంతా అదే, దాన్ని ఆపరేషన్‌కు దాచాలా, అండాలకు పెట్టాలా? నీతులు చెప్పడం సులువు. కీమో జరుగుతున్నన్నాళ్లూ అండాశయాలను నిద్రపుచ్చే గోసెరిలిన్ లాంటి ఇంజెక్షన్లు కొంత కాపాడతాయని 2015లో అచ్చయిన ఒక పరిశోధనలో తేలింది. ఎగ్ ఫ్రీజింగ్‌కు అవి సాటిరావు గానీ ఖర్చు తక్కువ, ఆ మాట కూడా డాక్టరుని అడగాలి. ఫ్రీజింగ్ చేయించుకున్నా బిడ్డ గ్యారంటీ కాదు. దాచిన అండాల్లో కొన్నే పిండాలవుతాయి, వాటిలోనూ కొన్నే నిలుస్తాయి. ఈ లెక్క అంతా రోగికి చెప్పి, నిర్ణయం ఆమెకే వదిలేయాలి. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడటం వేరు, ఆమెను బయట కూర్చోబెట్టి మామయ్యలు తేల్చేయడం వేరు. “నాకు పిల్లలు వద్దు, ఆ డబ్బు నా వైద్యానికే ఉంచండి” అని ఆమె అంటే అదీ జవాబే. వారసుడి కోసం ఆమె మీద ఒత్తిడి పెట్టే హక్కు కూడా ఎవరికీ లేదు.

క్యాన్సర్ తగ్గాక పిల్లల ఆలోచనే ప్రమాదమన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. హార్మోన్ మాత్రలు వాడుతున్న 516 మంది రొమ్ము క్యాన్సర్ స్త్రీలు గర్భం కోసం ఆ మాత్రలను రెండేళ్ల వరకూ ఆపి చూశారు. ఆ స్వల్పకాలంలో జబ్బు తిరగబెట్టే ముప్పు పెరగలేదని 2023లో ఫలితాలు వచ్చాయి. దీర్ఘకాలం సంగతి ఇంకా గమనిస్తున్నారు. ఏదైనా డాక్టరు అనుమతితోనే. కానీ “ఇక నీకెందుకమ్మా పిల్లలు” అనే పెద్దలకు ఈ కాగితం చూపించవచ్చు.

బయట దేశాల్లో ఇది ఇంటి గుట్టుగా మిగల్లేదు. జర్మనీ 2019లో చట్టం మార్చి క్యాన్సర్ రోగుల అండాల, వీర్యం నిల్వను ప్రజా బీమా కిందికి తెచ్చింది. జపాన్ 2021 ఏప్రిల్ నుంచి సబ్సిడీ ఇస్తోంది. చికిత్స వల్ల సంతానశక్తి పోయేట్టయితే దాన్ని కాపాడే ఖర్చు బీమాలో భాగమేనని కాలిఫోర్నియా కూడా 2019లో చట్టం చేసింది. ఫ్రీమాంట్‌లోనో శాన్‌హోసేలోనో ఉన్న మనవాళ్లు ఒకటి చూసుకోవాలి. కంపెనీ సొంత నిధితో నడిపే ప్లాన్లకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదు, హెచ్‌ఆర్‌ని అడిగి తెలుసుకోవడమే దారి.

మన దగ్గర డబ్బు లేక ఆగిందంటే నేను పూర్తిగా నమ్మను. హైదరాబాద్‌లో 1955 నుంచి ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అదే ఊళ్లో గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వమే ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించింది. అండాలు తీయడానికి, గడ్డకట్టించడానికి కావలసిన ల్యాబూ నిపుణులూ దాదాపు ఐవీఎఫ్‌కు కావలసినవే. ఈ రెండింటి మధ్య కావలసింది ఒక రిఫరల్ చీటీ, క్యాన్సర్ కేసుకి వరసలో ముందు చోటు, ఆరోగ్యశ్రీలో ఒక ప్యాకేజీ కోడు. ఒకేసారి అందరికీ కుదరకపోతే వీర్యం నిల్వతో మొదలుపెట్టండి. మనిషికి కొన్ని వేలు, అదీ నలభై లోపు వాళ్లకే. ఆర్థికశాఖ అభ్యంతరం చెప్పేంత మొత్తం కాదు. ఆ ఫైలు నడుస్తూ ఉండగా ఇరవై ఒకటి లోపు వాళ్ల కోసం ఏఆర్‌టీ చట్టంలో ఒక సవరణ కోరుతూ ఢిల్లీకి ఉత్తరం రాయొచ్చు, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.