హోంవర్క్ ఎవరి పని?

మూడు నెలలకొకసారి నేనొక నివేదిక రాస్తాను. స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే అక్కచెల్లెళ్లకు దాని గురించి చెప్పక్కర్లేదు. అందులో ఒక గడి ఉంటుంది: ‘హోంవర్క్ పూర్తి చేసిన పిల్లల సంఖ్య’. ఆ గడిలో పెద్ద అంకె వేసిన ప్రతిసారీ నేను గర్వపడ్డాను. ఆ అంకె వెనక ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

మా కేంద్రం హైదరాబాదులో గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు దగ్గర్లో ఉన్న ఒక బస్తీలో నడుస్తుంది. సాయంత్రం అయిదింటి నుంచి ఏడింటి దాకా. అక్కడి చాలా ఇళ్లల్లో ఆడవాళ్లు విడిపూలు తెచ్చుకుని మాలలు కడతారు. ఆ పిల్ల ఏడో తరగతి. సర్కారు బడి. తమ్ముడు అయిదో తరగతి, ఫీజు కట్టే ప్రైవేటు బడి. (కూతురు సర్కారు బడికి, కొడుకు ప్రైవేటుకు ఎందుకు వెళ్తారో మనం చాలాసార్లు మాట్లాడుకున్నదే.) ఆమె వచ్చి కూర్చుని నోటుబుక్కు తెరిచేది. ‘‘అక్కా, నువ్వు చెప్పు, నేను రాస్త’’ అనేది. నేను చెప్పేదాన్ని, ఆమె రాసేది. తర్వాత తమ్ముడి హోంవర్క్ కూడా ఆమే చూసేది. 2022-23 నుంచి సర్కారు బళ్లలో కూడా ఇంగ్లీషు మీడియం పెట్టారు కదా, ప్రశ్న ఇంగ్లీషులో ఉండేది. ఆ ప్రశ్నను ఆమె చదవలేదని నాకు తెలుసు. చదవడం నేర్పాలంటే గంట కావాలి. మర్నాడు బడిలో చూపించాల్సిన పేజీలు నాలుగుండేవి. నేను పేజీలకే ఓటేశాను. ఏడింటికి అంకె సరిపోయేది.

బతుకమ్మ రోజుల్లో ఆమె రావడం మానేసింది. పూలకు గిరాకీ ఉన్న రోజులవి. ఇంటికి వెళ్లాను. గడప దగ్గర బంతిపూల కుప్ప ముందు కూర్చుని మాల కడుతోంది. పక్కన నోటుబుక్కు, గైడు. రెండు మూరలు కట్టడం, నాలుగు వరసలు చూసి రాయడం. హోంవర్క్ చేయలేదని ముందురోజు తరగతి బయట నిలబెట్టారట. అందుకే ఆ రోజు బడికి పోలేదు. వాళ్లమ్మ నా మీద కోప్పడలేదు, బతిమాలుతున్నట్టు అంది: ‘‘అక్కా, ఆ సదువు నాకు రాదు. పూలు కట్టుడు ఆమెకొస్తది. నేనొక్కదాన్నే కడితె ఇల్లెట్ల గడుస్తది? ఏదన్న ఒక్క పని తగ్గియ్యమని బళ్లె జెప్పరాదు?’’

ఏదన్నా ఒక్క పని తగ్గించమంది. ఆరేళ్లలో నేను ఆ మాట బడిని ఒక్కసారీ అడగలేదు. తగ్గించడానికి బదులు, ఆ పని త్వరగా పూర్తి చేసే చోటు ఒకటి తెరిచి కూర్చున్నాను.

బడి వదిలాక ఆడపిల్లకు మిగిలే మూడు నాలుగు గంటలు ఎవరివి? బడి అవి హోంవర్క్‌కు అంటుంది. ఇల్లు అంట్లకు, నీళ్లకు, తమ్ముడికి అంటుంది. చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2016లో బాలకార్మిక చట్టానికి చేసిన సవరణ ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలు బడి వేళలు అయ్యాక, సెలవుల్లో, ప్రమాదకరం కాని కుటుంబ వృత్తిలో ‘సాయం’ చేయవచ్చు. కుటుంబమంటే తల్లీ తండ్రే కాదు, మేనత్త, మేనమామ, పిన్ని, బాబాయి కూడా. పూలు కట్టడం ప్రమాదకరమని ఎవరంటారు? అంటే ఆ పిల్ల అయిదింటికి పూల ముందు కూర్చుంటే అది కుటుంబానికి సాయం, పుస్తకం ముందు కూర్చుంటే బడికి సాయం. ఏ కాగితం మీదా ఆ గంటలు ఆమెవని రాసి లేదు.

2019లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, పురుషులు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. ఈ లెక్క ఆరేళ్ల వయసు నుంచే మొదలవుతుంది. లెక్క తీసేవాళ్లకు తెలుసు, హోంవర్క్ ఇచ్చేవాళ్లకే తెలియదు.

హోంవర్క్ అనే మాటలోనే ఒక ఊహ ఉంది. ఇంట్లో ఒక తల్లి ఉంటుంది, చదువుకున్నది, సాయంత్రం ఖాళీగా ఉంటుంది, పిల్ల పక్కన కూర్చుని పాఠం చెబుతుంది, డైరీలో సంతకం పెడుతుంది. ఈ తల్లి ఏ బస్తీలో ఉంది? చదువుకున్న మధ్యతరగతి ఇళ్లలో ఉన్నా, ఆమె కూడా ఆఫీసు నుంచి వచ్చి వంట చేస్తూ ఎక్కాలు అప్పజెప్పించుకునేదే. బడి చేయాల్సిన పనిలో ఒక వాటాను జీతం లేకుండా తల్లుల మీదకు నెట్టారు. చదువు రాని తల్లి ఆ వాటా మోయలేకపోతే ఆమెను ‘పిల్లల మీద శ్రద్ధ లేని తల్లి’ అన్నారు. అప్పుడు మనం వచ్చాం. గౌరవ వేతనం అనే పేరున్న కొద్దిపాటి డబ్బుకు, ఇంటర్ చదివిన బస్తీ అమ్మాయిని కూర్చోబెట్టి ఆ వాటా మోయించాం. అంగన్‌వాడీ కార్యకర్తకు గౌరవం ఇచ్చి జీతం ఎగ్గొట్టారని ధర్నాలో నినాదాలిచ్చిన నోటితోనే!

అదనపు బోధన ఎవరి పనో 2009 విద్యాహక్కు చట్టం చెబుతూనే ఉంది. 24వ సెక్షన్ ఉపాధ్యాయుల విధుల గురించి. నిర్ణీత కాలంలో మొత్తం పాఠ్యప్రణాళిక పూర్తి చేయాలని, ప్రతి పిల్ల సామర్థ్యాన్నీ అంచనా వేసి అవసరమైతే అదనంగా బోధించాలని అందులో ఉంది. 17వ సెక్షన్ కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. తరగతి బయట నిలబెట్టడం అందులోకి రాదా? ప్రాథమిక తరగతుల్లో హోంవర్క్ వద్దని యశ్‌పాల్ కమిటీ 1993లోనే చెప్పింది. 2020 నాటి కేంద్ర స్కూలు బ్యాగు విధానం రెండో తరగతి దాకా హోంవర్క్ వద్దంది. మూడు నుంచి అయిదు దాకా వారానికి రెండు గంటలు, ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకు గంట మించకూడదంది. మా కేంద్రానికి వచ్చే ఒకటో తరగతి పిల్లలు రోజూ మూడు పేజీలు రాస్తున్నారు.

నేను ఈ మాటలంటే తోటి కార్యకర్త ఒకామె అడ్డం వచ్చింది. ‘‘మనం చేయించకపోతే రేపు దెబ్బలు తినేది పిల్లలే కదా, నీ సిద్ధాంతం కోసం వాళ్లను బలిపెడతావా?’’ అంది. నిజమే. ఈ ప్రశ్నకు నా దగ్గర శుభ్రమైన సమాధానం లేదు. అందుకే కేంద్రం మూసేయమని నేననడం లేదు. ఇద్దరు టీచర్లతో అయిదు తరగతులు నెట్టుకొచ్చే బళ్లున్నాయనీ, ఆ టీచర్లలో చాలామంది మనలాంటి ఆడవాళ్లేననీ నాకు తెలుసు. కానీ వాళ్ల బడిలో టీచర్ల కొరత మన కేంద్రంలో తీరుతున్నంత కాలం, కొరత ఉందని ఎవరికి తెలుస్తుంది? పోస్టు ఖాళీగా ఉందని అడగాల్సిన తల్లి, మన దగ్గరికి వచ్చి కృతజ్ఞతలు చెప్పి పోతోంది.

తల్లులకు అడిగే చోటు ఉంది. ప్రైవేటు బళ్లను వదిలేస్తే, ప్రతి బడికీ యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం స్త్రీలు ఉండాలని అదే విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ అంటుంది. 2024లో తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేశారు. మరమ్మతులు, మరుగుదొడ్లు, యూనిఫాంల పనులు మహిళా సంఘాలకు అప్పజెప్పారు. మంచిదే. యూనిఫాం కుట్టడానికి పనికొచ్చిన అమ్మ, ఆ యూనిఫాం వేసుకున్న పిల్ల రాత్రి ఎన్నింటికి నిద్రపోతోందో చెప్పడానికి పనికిరాదా?

మేం పదకొండు మంది తల్లులతో బడికి వెళ్లాం. ప్రధానోపాధ్యాయురాలు సిలబస్ గురించి చాలాసేపు చెప్పారు. తల్లులు మెదలకుండా విన్నారు. చివర్న పూలు కట్టే ఆ తల్లే లేచి, బడిలో చివరి పీరియడ్‌లోనే రాయించి పంపితే ఏమవుతుందని అడిగింది. ఒక లెక్కల టీచరు ఒప్పుకుంది, చేస్తోంది కూడా. మిగతావాళ్లు చూద్దామన్నారు. తమ్ముడి ప్రైవేటు బడిలో గేటు దగ్గరే ఆపేశారు.

మా కేంద్రంలో ఇప్పుడు మొదటి గంట హోంవర్క్ ముట్టుకోం. చదవడం, లెక్కలు, ఆట. ఇద్దరు పిల్లల్ని ఇళ్లవాళ్లు మాన్పించారు, హోంవర్క్ చేయించని ట్యూషన్ ఎందుకని. ఆ పిల్ల వారానికి మూడు రోజులు వస్తోంది, పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్క రోజు. ఇంగ్లీషు ప్రశ్న తనే చదువుతోంది, అర్థం అడుగుతోంది.

పోయిన నివేదికలో నేను ఆ గడి కొట్టేసి, పక్కన ‘ఇది బడి పని’ అని రాశాను. నిధులిచ్చేవాళ్ల దగ్గర్నుంచి వివరణ కోరుతూ ఉత్తరం వచ్చింది. ఈ నెలాఖరులోగా జవాబివ్వాలి. ఆ జవాబు మీద మీ సంస్థల సంతకాలు కూడా ఉండాలని అడుగుతున్నాను.