చత్వారమునకు జంట యద్దములు

నలువదియేండ్లు దాటిన పిదప సూదిబెజ్జము మసకగా దోచుచున్నదా? కంటిలోని కటకము క్రమముగా బిరుసెక్కుటయే దీనికి కారణము. దీనినే చత్వార మందురు.

దూరపుచూపున కొకటి, చదువున కొకటిగా రెండు సులోచనములను మార్చి మార్చి విసిగిన అమెరికా పండితుడు బెంజమిన్ ఫ్రాంక్లిను, రెండు విధముల యద్దములను సగములుగా కోయించి యొకే చట్రమున నమర్పించుకొనెను. 1785లో నీ సంగతిని మిత్రునకు వ్రాసెను. పైనుండి క్రిందికి శక్తి క్రమముగా మారునట్టి గీతలేని యద్దములు 1959లో ఫ్రాన్సునందు వెలువడెను.

అయిన నొక్క హెచ్చరిక. వీని క్రిందిభాగము దగ్గరిచూపునకే. మెట్లు దిగునపుడు దానిగుండ చూచినచో మెట్టు అంచు మసకబారి యడుగు తప్పును. వృద్ధులకు తుంటియెముక విరుగుట సామాన్యమైన కష్టము కాదు. కావున గడ్డము దించి, పైభాగముగుండ మెట్టును చూచి, గోడ పట్టుకొని దిగవలెను. క్రొత్త యద్దములు ధరించిన అత్తగారికి, అమ్మకు మొదటి దినముననే యీ మాట చెప్పుడు.