ఉప్పునుంతల రైతు ఫోన్‌లో సర్కారు సైటు పనిచేయాలంటే.. డెవలపర్లు, డిజైనర్లు ఏం చేయాలి?

మీరు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు, అమ్మానాన్న నాగర్‌కర్నూల్ జిల్లా ఉప్పునుంతలలో ఉంటున్నారు అనుకుందాం. ఓ రోజు నాన్న ఫోన్ చేసి, ‘‘పాస్‌బుక్కుల రెండు గుంటలు తక్కువ పడ్డయి, జర సూడు బిడ్డా’’ అంటారు. మీరు ఫోన్‌లో పోర్టల్ తెరుస్తారు. జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు, క్యాప్చా.. ఇవన్నీ దాటాక ఏ బటన్ నొక్కాలో మీకే అర్థం కాకపోతే, నాన్న ఎవరిని అడగాలి?

చివరికి ఆయన మీసేవ కేంద్రానికి వెళ్తారు. ఒక పూట పని పోతుంది. తప్పు దరఖాస్తు పెడితే అది తిరస్కరణకు గురై, మళ్లీ మొదటికొస్తుంది. ఒక ఫారాన్ని ఎలా డిజైన్ చేశారన్నది చిన్న విషయం కాదని చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ధరణి నేర్పిన పాఠమేంటి?

2020 సెప్టెంబరులో తెలంగాణలో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. అదే ఏడాది అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైంది. ఊళ్లో భూమి సంగతి అడగడానికి ఉన్న మనిషి పోయి, ఆ స్థానంలో వెబ్‌సైటు వచ్చిందన్నమాట.

ధరణిలో ఒక్కో సమస్యకు ఒక్కో మాడ్యూల్ ఉండేది. పేరులో తప్పు, విస్తీర్ణంలో తేడా, సర్వే నంబరు గల్లంతు లాంటి సవరణలకు ‘టీఎం 33’ వాడాల్సి వచ్చేది. ఆ పేరు చూసి, తన సమస్యకు పరిష్కారం అందులోనే ఉందని ఏ రైతు ఊహించగలడు?

ధరణి కష్టాలన్నీ డిజైన్ వల్ల వచ్చినవి కావు. రికార్డుల్లోని తప్పులు, చట్టంలోని లోపాలు పెద్ద కారణాలు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూ భారతిని ప్రారంభించినప్పుడు 33 మాడ్యూళ్లను 6కు తగ్గిస్తున్నట్లు ప్రభుత్వం చెప్పింది. అయితే సంఖ్య తగ్గితే సరిపోదు. ప్రశ్న రైతు మాటల్లో ఉండాలి.

1. శాఖ భాషలో కాదు, జనం భాషలో అడగండి

‘మ్యుటేషన్’, ‘సక్సెషన్’ అనే బటన్ల బదులు ‘భూమి కొన్నాను, నా పేరు మీదికి మార్చాలి’, ‘నాన్న చనిపోయారు, వారసుల పేరు ఎక్కించాలి’ అని పెట్టండి. ఏ మాడ్యూల్‌కు పంపాలో సిస్టమే చూసుకోవాలి. బ్రిటన్ ప్రభుత్వ సైటు డిజైన్ బృందం పాటించే పద్ధతి ఒకటి ఇక్కడ పనికొస్తుంది: ఒక పేజీలో ఒకే ప్రశ్న. చిన్న తెర మీద ఇది ఎంతో తేలిక.

2. ఊరి పేరుకు ఒకే స్పెల్లింగ్ ఉంటుందనుకోకండి

ఉప్పునుంతలను ఇంగ్లిషులో రాయమంటే ఒకరు మధ్యలో ‘ఎన్’ వదిలేస్తారు, ఇంకొకరు ‘టి’ పక్కన ‘హెచ్’ చేరుస్తారు. సెర్చ్ ఒక్క స్పెల్లింగ్‌నే గుర్తిస్తే ఊరు దొరకదు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఒక కోడ్ ఉంటుంది. డేటాబేస్‌లో ఆ కోడ్ దాచి, దానికి తెలుగు పేరును, రెండు మూడు ఇంగ్లిషు స్పెల్లింగులను జత చేస్తే సమస్య తీరుతుంది.

3. తెలుగు అక్షరం తెగకూడదు

ఇంగ్లిషు కోసం కొలిచిన బటన్‌లో తెలుగు పెడితే ఒత్తులు కింద తెగిపోతాయి. ‘దరఖాస్తు’లో తావత్తు కనిపించకపోతే చదివేదెలా? బటన్ ఎత్తు, వెడల్పు స్థిరంగా పెట్టొద్దు. లైన్ హైట్ 1.6 దగ్గర మొదలుపెట్టి చూడండి. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. పాత అను ఫాంట్లలో టైపు చేసింది వెబ్‌లో సెర్చ్‌కు దొరకదు. తెలుగును ఫొటోగా పెట్టినా అంతే. పేజీ కోడ్‌లో భాష తెలుగు అని ప్రకటించడం మరవొద్దు. స్క్రీన్ రీడర్ సరైన గొంతుతో చదవాలంటే అది అవసరం.

4. సిగ్నల్ పోయినా ఫారం పోకూడదు

ప్రతి పేజీ దాటగానే నింపిన వివరాలు డ్రాఫ్ట్‌గా సేవ్ కావాలి. సెషన్ ముగిసేలోపు హెచ్చరించాలి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి. ఇది అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల్లోనే ఉంది. ఫొటో సైజు ఎక్కువైతే తిప్పి పంపకుండా బ్రౌజర్‌లోనే తగ్గించొచ్చు. ఆధార్ నంబరు దగ్గర అంకెల కీప్యాడ్ తెరుచుకోవాలి. డబ్బు కట్టాక పేజీ ఆగిపోతే, ‘చెల్లింపు అందిందా, లేదా’ అన్నది తిరిగి రాగానే కనిపించాలి.

5. తప్పు ఎక్కడుందో చెప్పండి

‘ఇన్వాలిడ్ ఇన్‌పుట్’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘సర్వే నంబరులో ఉప సంఖ్య రాయలేదు. ఉదాహరణ: 112/అ’ అని ఆ గడి కిందే చూపండి. ఎర్ర రంగు మీదే ఆధారపడకండి, మాటల్లో కూడా చెప్పండి.

ఉచితంగా పరీక్షించేదెలా?

క్రోమ్‌లోని డెవ్‌టూల్స్‌లో నెట్‌వర్క్‌ను 3జీకి తగ్గించి మీ ఫారం ఒక్కసారి నింపి చూడండి. లైట్‌హౌస్ వేగాన్ని కొలుస్తుంది. యాక్స్, వేవ్ అనే టూల్స్ అక్షరాలకు, నేపథ్యానికి మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉందా, గడులకు పేర్లున్నాయా అని చూస్తాయి. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని దరఖాస్తు పూర్తి చేయగలరేమో ప్రయత్నించండి. అన్నిటికన్నా మంచి పరీక్ష ఇంకోటుంది. ఊళ్లో ఐదుగురికి ఫోన్ ఇచ్చి, మీరు నోరు మెదపకుండా పక్కన కూర్చోవడం.

ఇది దయ కాదు, నిబంధన

ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో ఎడిషన్ 2023లో వచ్చింది. అందరికీ అందుబాటుగా ఉండే ప్రమాణాలు పాటించాలని అది చెబుతోంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా సమాచారం, సేవలు వారికి అందాలంటోంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది.

మీరేం చేయొచ్చు?

మీరు ఈ రంగంలోనే ఉంటే, రేపు ఆఫీసులో మీరు చేస్తున్న ఫారానికి పై ఐదు పనులు వర్తిస్తాయో లేదో చూడండి. కాకపోతే, పోర్టల్‌లో ఎక్కడ ఆగిపోయారో స్క్రీన్‌షాట్ తీసి, దరఖాస్తు నంబరుతో ఫిర్యాదు చేయండి. ‘సైటు పనిచేయట్లేదు’ అనే ఫిర్యాదు కన్నా ‘ఈ పేజీలో ఈ బటన్ నొక్కితే ఇలా వచ్చింది’ అనేదే సరిచేసేవాళ్లకు ఉపయోగపడుతుంది. ఆ పోర్టల్‌కు అందుబాటు పరీక్ష జరిగిందా, నివేదిక ఎక్కడుందని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి.

తెలంగాణలో 2025లో గ్రామ పాలన అధికారులను నియమించారు. ఊళ్లో అడగడానికి మళ్లీ ఒక మనిషి వచ్చారు. అయినా దరఖాస్తు మాత్రం వెబ్‌సైటు మీదుగానే వెళ్లాలి. అది నాన్నకు అర్థమైతే మీకు ఆ ఫోన్ రాదు.