రక్తమా, బోరు నీళ్లా?

నల్లగొండ జిల్లా మర్రిగూడ పల్లెల్లో ఒకే ఇంట్లో తాతకు నడుము వంగిపోవడం, తండ్రికి కీళ్లు బిగుసుకుపోవడం, పిల్లలకు గారపళ్లు రావడం మొన్నమొన్నటి దాకా మామూలే. కొత్తగా చూసినవాళ్లు వంశంలోనే ఉందనుకుంటే తప్పు పట్టలేం. అసలు దోషం బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌ది.

ఒక కుటుంబాన్ని పట్టిన జబ్బులో పుట్టుక వాటా ఎంత, తిండీ నీళ్ల వాటా ఎంత? ఈ లెక్క తేల్చడానికి ఏళ్లు వెచ్చించిన తెలుగువాడైన ఆచార్యుడు దబీరు సి. రావు. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, హవాయిలో న్యూటన్ మోర్టన్‌తో పనిచేసి, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో బయోస్టాటిస్టిక్స్ విభాగాన్ని చాలాకాలం నడిపారు. జన్యువుల ద్వారా వచ్చేదాన్నీ పెంపకం ద్వారా వచ్చేదాన్నీ పాత్ అనాలిసిస్‌తో విడదీసే పద్ధతిని 1976లో మోర్టన్, యీలతో కలిసి వివరించారు. 1984లో మొదలైన 'జెనెటిక్ ఎపిడెమియాలజీ' పత్రికకు తొలి సంపాదకుడు ఆయనే.

ఇలాంటి లెక్కల్లో భార్యాభర్తలది కీలక స్థానం. వారి మధ్య రక్తసంబంధం ఉండదన్న ఊహతో, ఇద్దరిలోనూ కనిపించే పోలికను ఇంటి వాతావరణానికో, తమలాంటివారినే ఎంచుకోవడానికో ముడిపెడతారు. మేనరికాల నేలమీద ఈ ఊహ నిలవదు. అక్క కూతుర్ని చేసుకున్నవాడికి భార్యతో రక్తమూ కలుస్తుంది, వంటిల్లూ కలుస్తుంది. అమెరికా కుటుంబాలకు సరిపోయిన సూత్రాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టు వాడితే జవాబు తప్పుతుంది. జన్యు సమాచారానిదీ ఇదే చిక్కు: 2019 నాటి అంచనా ప్రకారం జన్యు అధ్యయనాల్లో పాల్గొన్నవారిలో 79 శాతం ఐరోపా మూలాలవారే. ఆ సమాచారంతో తయారైన రిస్క్ స్కోర్లను మన గుండెజబ్బులకూ షుగరుకూ అరువు తెచ్చుకోవడం నాకు సమ్మతం కాదు.

నిజానికి ఇక్కడి శాస్త్రవేత్తలు దారి ఎప్పుడో చూపారు. మోకాళ్లు లోపలికి వంగిపోతున్న ఫ్లోరైడ్ ప్రాంతాల యువకుల గురించి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి 1973లో 'లాన్సెట్'లో రాశారు. ఫ్లోరైడ్‌తోనే ఆగకుండా, జబ్బున్న ఊళ్ల జొన్న, సజ్జ, వరి గింజల్లో రాగి, మాలిబ్డినం ఎంతున్నాయో జబ్బు లేని ఊళ్ల గింజలతో ఆ సంస్థ పోల్చి చూసింది. నీళ్లతో పాటు కంచాన్నీ లెక్కలోకి తీసుకున్నారు.

ఇప్పుడు అంతకన్నా మంచి అవకాశం ఉంది. పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) వలసలు ఒకే తల్లి బిడ్డల్ని వేర్వేరు నీళ్లపాలు చేశాయి. తమ్ముడు ముంబైలో మట్టి మోస్తూ పాతికేళ్లు గడిపితే, అన్న ఊళ్లోనే బోరు నీళ్లు తాగాడు. నల్లగొండలో తండ్రి ఫ్లోరైడ్ నీళ్లతో పెరిగితే, కొడుకు కృష్ణా నీళ్లతో పెరిగాడు. రక్తం ఒకటే, నీళ్లు వేరు. గణాంకవేత్త కోరుకునే పోలిక ఇదే. దీని వెనుక జనం పడ్డ కష్టం చిన్నది కాదు. కనీసం దాన్నుంచి తెలిసేది వారి వైద్యానికైనా అక్కరకు రావాలి.

ఆశా కార్యకర్తలు బీపీ, షుగరు కోసం నింపే ఫారంలో ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బులున్నాయా అన్న ప్రశ్న ఉంది. ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో దాని పక్కనే ఏ వయసు దాకా ఏ నీళ్లు తాగారు, ఎన్నేళ్లు వలసలో ఉన్నారు, పెళ్లి మేనరికమా అనీ అడగాలి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఒక్కో బయోస్టాటిస్టిక్స్ నిపుణుణ్ని పెట్టుకుని ఈ పని చేపట్టాలి. బోరు నీళ్లతోనే బతుకు గడిపిన తరానికి ఇప్పటికే వయసు మీదపడింది. మొదట అడగాల్సింది వాళ్లనే.