గాల్లో గ్యాస్‌నూనె, బండిలో బియ్యం

నాగోల్ చౌరస్తా దగ్గరి బంకులో మొన్న పెట్రోలు కోసం వరసలో ఉన్నాను. నెత్తి మీదుగా ఓ హెలికాప్టర్ టపటపలాడుతూ హకీంపేట వైపు పోయింది. నా ముందు స్కూటీ మీదున్న పిల్లగాడు మెడ ఎత్తి చూసి, "అంకుల్, దాంట్ల వైట్ పెట్రోల్ పోస్తరు. మన బండ్ల పోస్తే ఇంజన్ కాలిపోతది" అన్నాడు. నాజిల్ పట్టుకున్న అమ్మాయి కూడా అవునన్నట్టు తలూపింది. పెట్రోలు పోసే మనిషే నమ్మితే ఇక ఎవరికి చెప్పుకుంటాం! ఈ వైట్ పెట్రోల్ కథ వాట్సాప్ కంటే పాతది. విమానం గొప్పది గనక దాని తిండి కూడా గొప్పదే అయ్యుంటుందని మనకో నమ్మకం.

"గ్యాస్‌నూనె పోస్తరు తమ్మీ" అంటే నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ నిజం అదే. హకీంపేటలో వాయుసేన కుర్రాళ్లు నేర్చుకునే చేతక్ అయినా, ఎన్నికలప్పుడు నాయకులు దుమ్ము లేపుకుంటూ దిగే హెలికాప్టర్లలో దాదాపు అన్నీ అయినా, శంషాబాద్‌లో లేచే ఎయిర్‌బస్ అయినా తాగేది కిరసనాయిలే. ఏటీఎఫ్ అని దొరల పేరు పెట్టారు, అంతే. వీటన్నిటిలో ఉండేది టర్బైన్ ఇంజన్. అందులో మంట ఒకసారి అంటుకుంటే ఆపేదాకా మండుతూనే ఉంటుంది. పెట్రోలు ఇంజన్‌లా నిమిషానికి వేలసార్లు నిప్పురవ్వ కొట్టే పనిలేదు. కాబట్టి ఆక్టేన్ గొడవా లేదు. పైగా కిరసనాయిలు తొందరపడి అంటుకోదు. 38 డిగ్రీలైనా వేడెక్కితే గానీ ఏటీఎఫ్ ఆవిరి నిప్పందుకోదు. పెట్రోలైతే గడ్డకట్టే చలిలోనూ భగ్గుమంటుంది. వందలమందిని ఎక్కించుకుని పోయే యంత్రానికి ఏది నయమో వేరే చెప్పాలా?

రేషన్ డీలరు గరాటు పెట్టి పోసిన సరుకుకూ దీనికీ తేడా లేకపోలేదు. ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున బయట చలి మైనస్ 50 దాటుతుంది. అక్కడ ట్యాంకులో నూనె పేరుకుపోతే కథ ముగిసినట్టే. అందుకే మన దగ్గర వాడే రకం మైనస్ 47 దాకా గడ్డకట్టకూడదని నిబంధన. ఇక నీళ్లంటే విమానాల వాళ్లకు పామును చూసినంత భయం. సిరంజికి ఓ చిన్న బిళ్ల తగిలించి నూనెను అందులోంచి లాగుతారు. బిళ్లలోని పసుపు కాగితం ఆకుపచ్చకు తిరిగిందంటే నీళ్లున్నట్టు, ఆ సరుకు పక్కన పెట్టినట్టు. ఆ భయం ఊరికే రాలేదు. 2008 జనవరిలో బీజింగ్ నుంచి లండన్ వచ్చిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 777 విమానం హీత్రూ రన్‌వేకి ఇవతలే కూలబడింది. నూనెలోని కాసింత నీరు మంచుగా మారి దారికి అడ్డం పడింది, సరిగ్గా దిగే వేళకు ఇంజన్లకు నూనె అందలేదు. అదృష్టం బాగుండి అందరూ బతికారు. ఈ నీళ్ల సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

అసలు పెట్రోలు తాగే విమానాలు కూడా ఉన్నాయి. ఆ పెట్రోలును ఏవ్‌గ్యాస్ అంటారు. అది తెల్లగా ఉండదు, నీలంగా ఉంటుంది. మన రేషన్ కిరసనాయిలుకు కల్తీగాళ్ల భయంతో నీలం రంగు కలిపేవాళ్లు, ఇది వేరే నీలం. ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు పట్టుకుంటే నాదర్‌గుల్‌లో చిన్న రన్‌వే ఉంది. అలాంటి చోట్ల పిల్లలు నేర్చుకునే సెస్నా 152, రాబిన్సన్ కంపెనీ చిన్న హెలికాప్టర్లు ఈ ఏవ్‌గ్యాస్‌తో నడుస్తాయి. దుండిగల్ అకాడమీలో 2009 దాకా క్యాడెట్లు ఎక్కిన దీపక్ విమానాలదీ పిస్టన్ ఇంజనే. అవి కూలి కూలి ప్రాణాలు తీశాక మూలన పెట్టారు. తర్వాత వచ్చిన పిలాటస్ మళ్లీ కిరసనాయిలు బండే.

ఏవ్‌గ్యాస్‌తో చిక్కేమిటంటే అందులో సీసం ఉంది. లీటరుకు అర గ్రాము పైచిలుకు దాకా కలపొచ్చు. మన స్కూటర్లకు సీసం పెట్రోలు 2000లోనే ఆపేశారు, పిల్లల మెదళ్లు పాడవుతాయని. ఇరవై రెండేళ్ల తర్వాత, 2022 సెప్టెంబరులో, ఇండియన్ ఆయిల్ అదే సీసం కలిపిన ఏవ్‌గ్యాస్‌ను వడోదరలో సొంతంగా తయారుచేసి హిండన్ ఎయిర్‌బేస్‌లో పండగ చేసింది. దిగుమతి తప్పింది, సంతోషమే. కానీ సీసం సీసమే కదా? మనవాళ్లు ఇంత మంది కాపురముంటున్న శాన్ హోసే ఊళ్లో రీడ్ హిల్‌వ్యూ అనే చిన్న విమానాశ్రయం చుట్టుపక్కల పిల్లల రక్తంలో సీసం ఎక్కువుందని 2021లో తేలింది. మరుసటి జనవరి నుంచే అక్కడ ఆ నూనె అమ్మకం బంద్ చేశారు. మన ఉప్పల్‌లోనే భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐ ఉంది. వాళ్లు కాటేదాన్ మట్టిలో సీసం లెక్కలు తీసి 2008లోనే అచ్చేశారు. ఇక్కడి రన్‌వేల చుట్టూ మట్టి కూడా ఓసారి తీసి చూడమని వాళ్లను అడగడానికి ఎవరికి అడ్డం? డైమండ్ కంపెనీ శిక్షణ విమానాలు ఏటీఎఫ్‌తోనే ఎగురుతున్నాయి. కొత్తవి కొనేవాళ్లు అవి కొంటే సరిపోతుంది. ఈ ముక్క మీద ఏ అసెంబ్లీలోనూ ప్రశ్న రాదు, ఎందుకంటే సీసం ఓటెయ్యదు.

సరే, నాకు అసలు మంట ఎక్కడంటే పన్ను దగ్గర. 2014లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విమానాల నూనె మీద వ్యాట్‌ను 16 శాతం నుంచి ఏకంగా ఒక శాతానికి దించింది. విమానాలు పెరగాలన్నారు, మంచిదే. 2021లో కేంద్ర విమానయాన మంత్రి రాష్ట్రాలకు ఉత్తరాలు రాసి మరీ, ఒకటి నుంచి నాలుగు శాతం లోపుకు తెమ్మని బతిమాలారు. చాలా రాష్ట్రాలు తలొగ్గాయి. ఢిల్లీ, తమిళనాడు అప్పట్లో తగ్గించలేదు కదా అంటారు, అది వాళ్ల గొడవ. మరి నాగోల్ బంకులో స్కూటీ పిల్లగాడు కట్టే వ్యాట్ ఎంత? 35.2 శాతం. లారీవాడి డీజిల్ మీద 27. స్కూటీ పిల్లగాడి కోసం ఏ మంత్రీ ఏ రాష్ట్రానికీ ఉత్తరం రాసినట్టు నేనెక్కడా చదవలేదు. 2025లో ఢిల్లీలో ఏటీఎఫ్ కిలోలీటరు 83 వేల నుంచి లక్ష లోపు ఆడింది. అంటే లీటరు నూరు దాటలేదు. అదే ఏడాది హైదరాబాద్‌లో మనం పెట్రోలుకు 107 పైనే కట్టాం. మబ్బుల్లో తిరిగేదానికంటే మూసీ బ్రిడ్జి మీద తిరిగేదానికే ఖరీదెక్కువైంది! పెట్రోలు, ఏటీఎఫ్ రెండూ జీఎస్టీ బయటే ఉన్నాయి. లోపలికి తెమ్మని ఎయిర్‌లైన్ల వాళ్లు గట్టిగా అడుగుతున్నారు, అడగడానికి వాళ్లకు సంఘాలున్నాయి.

పన్నుతో పోతే పోనీ. ఇథనాల్ సంగతి చూడండి. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యం మొదట 2030కి పెట్టుకున్నది, 2025లోనే చేరిపోయాం. విమానాలకు పచ్చనూనె, అంటే మొక్కల నుంచో వాడేసిన వంటనూనె నుంచో చేసే ఇంధనం, కలపాలన్న లక్ష్యం ఎంతో తెలుసా? 2027లో ఒక శాతం, 2028లో రెండు, 2030కి అయిదు. అదీ అంతర్జాతీయ విమానాలకే. మన బండ్లకు ఇరవై, వాళ్లకు ఒకటి! విమానంలో ఇథనాల్ ఎందుకు పోయరంటే అది నీళ్లను పీల్చుకుంటుంది గనక, దాని సత్తువ తక్కువ గనక. నీళ్ల సంగతి గుర్తుపెట్టుకోమన్నది అందుకే. పైవాళ్ల ట్యాంకులో చుక్క ఉందేమోనని బిళ్ల పెట్టి చూస్తారు. వానాకాలం నాచారంలో మెకానిక్ దగ్గర కార్బురేటర్ విప్పించుకునేవాడి ట్యాంకును ఎవరు చూస్తారు? పాత బండ్ల మైలేజీ తగ్గుతుందని చెప్పింది నేను కాదు, నీతి ఆయోగ్ 2021 నివేదికే. ఉత్త పెట్రోలు కోసం తయారైన కార్లకు ఆరేడు శాతం, టూవీలర్లకు మూడు నాలుగు శాతం అని లెక్క కూడా ఇచ్చింది. మైలేజీ తగ్గింది, ఇథనాల్ కలిపామని ధర మాత్రం తగ్గించలేదు. ఇథనాల్ లేని పెట్రోలు కావాలా అని బంకులో అడిగేవాడూ లేడు. బోర్డు మీద డెన్సిటీ రాస్తున్నారు, ఇథనాల్ శాతం కూడా రాయడానికి ఆ సుద్దముక్క చాలదా?

ఆ ఇథనాల్ దేనితో చేస్తున్నారు? చెరకు, మొక్కజొన్న, బియ్యం. 2024-25కి ఎఫ్‌సీఐ గోదాముల నుంచి 52 లక్షల టన్నుల బియ్యం, కిలో 22 రూపాయల 50 పైసలకు ఇథనాల్ ఫ్యాక్టరీలకు కేటాయించారు. ఆ ధరకు మా నాగోల్ కిరాణా కొట్లో నూకలు కూడా రావు. ఫ్యాక్టరీ వద్దని 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ రైతులు జాతీయ రహదారి మీద కూర్చుంటే గానీ అక్కడ పని ఆగలేదు. మొక్కలతో ఇంధనమన్న మాట రైతుకు కొత్త కాదు. 2005 ప్రాంతంలో కానుగ, అడవి ఆముదం నాటండని ఊదరగొట్టారు. అడవి ఆముదం నూనె కలిపిన విమానం 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి నిజంగానే ఎగిరింది. మొక్కలు నాటిన చేలు ఏమయ్యాయో అడగకండి.

విమానాల పచ్చనూనెకు ముడిసరుకు మనింటి దగ్గరే ఉంది. బజ్జీలు వేయించిన నూనె. పానిపట్ రిఫైనరీ వాడేసిన వంటనూనెతో విమాన ఇంధనం చేయడానికి 2025లో అంతర్జాతీయ ధ్రువీకరణ తెచ్చుకుంది. నాగోల్ మెట్రో స్టేషన్ కింద సాయంత్రం బండి మూకుడులోకి ఓసారి తొంగిచూడండి. నూనె తారులా నల్లబడి, అంచున నురగ కడుతూ ఉంటుంది. దాన్ని రేపటికీ ఎల్లుండికీ దాచి మళ్లీ మన కడుపులోకే పంపుతున్నారు. ఆ నూనెను కొనుక్కుపోయే మనిషిని ఒక్కణ్ని కార్పొరేషన్ వీధిలోకి పంపితే అటు విమానమూ ఎగురుతుంది, ఇటు మన గుండే బాగుంటుంది.

ఎగిరే విమానం తాగే నూనెకైనా లెక్క ఉంది. ఎయిర్‌బస్ 320 గంటకు సుమారు రెండున్నర టన్నులు. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర కదలకుండా నిలబడి మనం తగలేసే పెట్రోలుకు లెక్క ఎవరు కట్టారు? ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్ కారిడార్‌కు 2018లో శంకుస్థాపన చేశారు. రెండేళ్లలో అయిపోతుందన్నారు. 2025లో కూడా స్తంభాలు లెక్కపెట్టుకుంటూ వాటి కిందే పోయాం. యాదగిరిగుట్ట మొక్కున్నవాళ్లూ, వరంగల్ బస్సులూ, చర్లపల్లి డిపోల నుంచి పెట్రోలు మోసుకొచ్చే ట్యాంకర్లూ అన్నీ ఆ ఇరుకులోనే. బంకుకు పెట్రోలు తెచ్చే ట్యాంకరే ట్రాఫిక్‌లో డీజిల్ తగలబెడుతూ నిలబడుతోంది. కొత్త గడువులు మంత్రులు చెబుతూనే ఉంటారు. అవి వచ్చినప్పుడు చూద్దాం. ముందు బోడుప్పల్ కమాన్ దగ్గర సర్వీసు రోడ్డు గుంతలు ఈ వానలకు ముందే పూడ్చమనండి.