మార్కర్ కన్నా ముందు పొలం పుస్తకం

గడ్డి వెన్ను తీసిందంటే పాడి రైతుకు నష్టం మొదలైనట్టే. ఆకు ఆగిపోయి కాడ లేస్తుంది, పీచు పెరుగుతుంది, పశువుకు అరిగేది తగ్గుతుంది. ఐర్లండ్, బ్రిటన్ పాడి పరిశ్రమకు రైగ్రాస్ గడ్డే ఆధారం. అందుకే బ్రిటన్‌లో సిఫారసు చేసే రైగ్రాస్ రకాలను ముందుగా, మధ్యస్థంగా, ఆలస్యంగా వెన్ను తీసేవిగా విడదీసి చూపుతారు. రైతు ఆ వరుస చూసే విత్తనం కొంటాడు.

ఆ వెన్ను ఎప్పుడొస్తుందో మొలక ఆకులోని డీఎన్‌ఏ చూసి ముందే చెప్పే పద్ధతి ఇప్పుడు ప్రజనన కేంద్రాల్లోకి వచ్చింది. 2001లో మ్యూవిసెన్, హేస్, గొడ్డార్డ్ అనే శాస్త్రవేత్తలు దీనికి గణితం కట్టారు. ఒక్క జన్యువును వెతకరు. జన్యుపటం పొడవునా వేల మార్కర్లు (డీఎన్‌ఏలోని గుర్తులు) చదివి, ఒక్కోదానికి ఎంత ప్రభావం ఉందో లెక్కించి, అన్నీ కూడుతారు. అమెరికాలో 2009 నుంచి హోల్‌స్టీన్ ఆబోతులను ఈ లెక్కతోనే బేరీజు వేస్తున్నారు. గడ్డి వంతు ఆ తర్వాత వచ్చింది.

ఆలస్యానికి కారణం గడ్డి స్వభావమే. రైగ్రాస్ సొంత పుప్పొడిని ఒప్పుకోదు, పక్క మొక్కది కావాలి. కాబట్టి ఒక రకం అంటే ఒకే పోలిక మొక్కల వరుస కాదు, కాస్త కాస్త తేడాలున్న గుంపు. పైగా చలికాలం అనుభవించి, పగటి పొద్దు పెరిగాకే వెన్ను తీస్తుంది. ఒక్క పూత చూడాలంటే ఏడాది కనిపెట్టుకొని ఉండాలి. కొత్త రకం బయటికి రావడానికి పదేళ్లు చాలవు. వారం తేడాతో పూసే రెండు మొక్కలను పక్కపక్కన నాటితే సంకరం సరిగా కుదరదు. పూత వేళ మొలకప్పుడే తెలిస్తే, ఒకే సమయానికి పూసేవాటిని ఒకచోట చేర్చవచ్చు. నా లెక్కలో ఈ పద్ధతికి అన్నిటికన్నా గట్టి ఉపయోగం ఇదే.

డెన్మార్క్‌లో ఆర్హూస్ విశ్వవిద్యాలయం, డీఎల్‌ఎఫ్ విత్తన సంస్థ పరిశోధకులు వెయ్యికి పైగా రైగ్రాస్ కుటుంబాలపై చేసిన పనిని 2015లో ప్రచురించారు. వెన్ను తీసే కాలాన్ని మార్కర్లు బాగానే పట్టాయి. అందులో ఆశ్చర్యం లేదు. చలిని గుర్తుపట్టే వీఆర్‌ఎన్1, పూతకు కబురు మోసే ఎఫ్‌టీ వంటి జన్యువుల ప్రభావం ఈ గుణంపై గట్టిగా ఉంటుంది. పిల్ల మొక్కలకు తల్లిదండ్రుల నుంచి బాగా దిగే గుణమిది. కొలవడమూ తేలిక, తేదీ రాసుకుంటే చాలు.

అయితే పూత దగ్గర గెలిచిన మార్కర్లు దిగుబడి దగ్గరా గెలుస్తాయని ఎవరైనా అమ్మజూపితే ఆచితూచి వినాలి. దిగుబడి ఎన్నో చిన్న జన్యువుల కలయిక, దానికి తోడు నేల, వాన, ఎరువు. ఇంకో చిక్కూ ఉంది. లెక్క నేర్పిన కుటుంబాలకు దూరమైన గడ్డి మీద అదే లెక్క సరిగా నడవదు. ఈ లెక్కలన్నిటికీ మూలం పొలంలో ఏళ్ల తరబడి రాసిన తేదీలు. డీఎన్‌ఏ చదవడం ఏటేటా చౌకవుతోంది. పొద్దున్నే మడి మడికీ తిరిగి వెన్ను వచ్చిందా అని చూసే మనిషి కూలి మాత్రం చౌక కావడం లేదు. ఆ తేదీలు రాయని చోట మార్కర్లు కొనడం డబ్బు దండగ.

రైగ్రాస్ మన పంట కాదు, కానీ మేత జొన్నా గడ్డి జాతే. లేత జొన్నలో సైనైడ్ విషం ఉంటుంది గనుక సగం పైరు పూతకు వచ్చాక కోయమంటారు. అంటే పూత తేదీ మనకు మేతకే కాదు, పశువు ప్రాణానికీ లెక్క. జొన్న పూతను పగటి నిడివి నడిపిస్తుంది. దాని జన్యుపటం 2009లోనే వెలువడింది. జొన్నపై పనిచేసే ఇక్రిశాట్ పటాన్‌చెరులో ఉంది, చిరుధాన్యాల పరిశోధన సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది. పరిశోధనకు కొరత లేదు.

కాబట్టి అడగాల్సింది రెండే. ప్రయోగ క్షేత్రాల్లో రాసిన మేత జొన్న పూత తేదీలను ఏ రకానికి ఆ రకం, ఏ ఊరికి ఆ ఊరు అందరికీ తెరిచి పెట్టాలి. విత్తన సంచి మీద ఖరీఫ్‌లో ఎన్ని రోజులకు పూస్తుందో, రబీలో ఎన్ని రోజులకో అచ్చు వేయాలి. విత్తనం కొనేటప్పుడు రైతులు ఈ ప్రశ్న వేయడం మొదలుపెడితే సంచి మీద జవాబు దానంతటదే వస్తుంది.